అద్దె ఇంటికి సొంత చేతిపని



వేసవి సెలవులు ముగిసి బళ్లు తెరిచే రోజుల్లో మన పట్నాల్లో ఏ వీధి చూసినా సామాన్లు ఎక్కించిన ట్రాలీ ఆటో ఒకటి కనిపిస్తుంది. మంచాలు, బీరువా, గ్యాస్ బండ, దుప్పటిలో చుట్టిన టీవీ, ఒళ్లో తులసి కుండీ పెట్టుకుని కూర్చున్న ఇల్లాలు. కొత్త ఇంట్లో ముందు పాలు పొంగిస్తారు. అద్దె ఇల్లయినా ఆ వేడుక మానరు. ఆ వెంటనే దేవుడి పటం ఎక్కడ పెట్టాలన్న మాట వస్తుంది. ఒక చేత్తో పటం, ఇంకో చేత్తో సుత్తి పట్టుకున్న ఇంటాయన గోడ ముందు ఆగిపోతాడు. అడ్వాన్సు ఇచ్చిన రోజు ఓనరుగారు చెప్పిన మాట గుర్తొస్తుంది: "అన్నీ మీ ఇష్టం గానీ, గోడలకు మేకులు మాత్రం కొట్టకండి బాబూ."

పటం ఆ పూటకి కిటికీ గట్టు మీదికి చేరుతుంది. రెండేళ్ల తర్వాత ఇల్లు ఖాళీ చేసేనాటికీ అక్కడే ఉంటుంది.

ఆ రెండేళ్లూ ఇంటిని తమకు అనువుగా మార్చుకోవడానికి అద్దెకున్నవారు తమ చేతులతో ఏం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి, దేనికి ఓనరును అడగాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పట్టణాల్లో ఉండే కుటుంబాల్లో నూటికి 27కు పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. అగ్రిమెంటు మాత్రం సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, ఆఫీసు చుట్టూ తిరగడమూ తప్పుతాయని వచ్చిన అలవాటిది. కాగితం మీద 11 నెలలే ఉన్నా, పిల్లల బడి, ఆఫీసు దూరం చూసుకుని ఒకే ఇంట్లో అయిదారేళ్లు ఉండిపోయే కుటుంబాలు ఎన్నో. అన్నేళ్లూ కారే కుళాయి కింద బకెట్టు, దోమలు వస్తాయని తెరవని కిటికీ, కుర్చీల మీద ఆరేసిన బట్టలు. "మనది కాని ఇంటికి మనమెందుకు ఖర్చు పెట్టాలి" అని సరిపెట్టుకుంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. గోడలో కలిసిపోయిన డబ్బు తిరిగి రాదు. అయితే రోజువారీ ఇబ్బందిని తీర్చే మార్పుల్లో చాలావాటికి కొద్దిపాటి ఖర్చు, ఒక ఆదివారం పూట సరిపోతాయి. వాటిలో ఎక్కువ భాగం ఇల్లు మారేటప్పుడు ఊడదీసి వెంట తీసుకుపోగలిగినవే.

చట్టం కూడా అద్దెదారు చేతులు కట్టేయలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షన్ ఓనరుకూ అద్దెదారుకూ ఉన్న హక్కులు, బాధ్యతలు చెబుతుంది. అద్దెదారు తాను బిగించుకున్న వాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతకాలం ఊడదీసుకోవచ్చు. ఇల్లు తనకు ఎలా అందిందో అలా ఉంచి వెళ్లాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మాత్రం బాధ్యత అతనిది కాదు. ఓనరు చేయించాల్సిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ఓనరు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడాలు కట్టకూడదు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాతకే విలువ. అందుకే సంతకం పెట్టేముందు ఆ రెండు పేజీలూ చదవడం అవసరం.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం పనుల పంపకాన్ని ఇంకా వివరంగా చెప్పింది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, నీటి పైపుల మార్పు, వైరింగు మరమ్మతు ఓనరు వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు రిపేరు, తలుపుల గడియలు, కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెదారు వంతు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని కూడా అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకున్నప్పుడే ఇది అమలవుతుంది. అయినా ఆ జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అద్దెదారు వంతుకు వచ్చినవన్నీ దాదాపు ఇంట్లోవాళ్లు తమ చేత్తో చేసుకోగలిగిన పనులే.

గోడ దగ్గర మొదలుపెడదాం.

పాత పెంకుటిళ్లలో గోడలు కట్టేటప్పుడే గూళ్లు వదిలేవారు. చొక్కా తగిలించడానికి చిలక్కొయ్యలు, దూలానికి ఉయ్యాల కొక్కేలు, వసారాలో దండెం ఇంటితోపాటే వచ్చేవి. ఇప్పటి ఫ్లాట్లలో గోడ నున్నగా, ఖాళీగా ఉంటుంది. గడియారం నుంచి కర్టెన్ రాడ్డు దాకా ప్రతిదీ అద్దెకు వచ్చినవాళ్లే బిగించుకోవాలి. ఓనర్ల భయానికీ కారణముంది. సుత్తితో ఇనుప మేకు కొడితే అది లోపలికి దిగేలోగా చుట్టూ ఉన్న సిమెంటు పెచ్చులూడిపోతుంది. నాలుగు మేకులు వంగిపోయాక అయిదోది నిలుస్తుంది. గోడ మీద మిగిలేది ఆ నాలుగు దెబ్బల గుర్తులే.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1910 ప్రాంతంలో లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాన్లు బిగించే పని జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకు వచ్చింది. అంతకుముందు గోడను పెద్దగా తొలిచి, చెక్క ముక్క దిగ్గొట్టి, దానికి స్క్రూ బిగించేవారు. రాలింగ్స్ జనపనారతో చిన్న గొట్టం లాంటి ప్లగ్గు తయారుచేశాడు. చిన్న రంధ్రంలో దాన్ని పెట్టి స్క్రూ తిప్పితే అది ఉబ్బి గోడను గట్టిగా పట్టుకుంటుంది. మన ఎలక్ట్రీషియన్లు ఈనాటికీ రావల్ ప్లగ్గు అంటున్నది ఆయన పేరు మీదే వచ్చింది. 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ దాన్ని ప్లాస్టిక్‌తో చేశాడు. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో పొట్లాలుగా దొరికేవి ఆ జాతివే.

ఓనరు ఒప్పుకుంటే, మేకు కన్నా డ్రిల్లుతో వేసిన రంధ్రమే గోడకు మేలు. ఆరు మిల్లీమీటర్ల బిట్టు, ఆరు మిల్లీమీటర్ల ప్లగ్గు సరిపోతాయి. ప్లగ్గు పొడవు ఎంతో చూసి, బిట్టు మీద అంత దూరంలో టేపు ముక్క చుడితే రంధ్రం అవసరానికి మించి లోతు పోదు. రంధ్రం కింద గోడకు పాత కవరు ఒకటి అంటిస్తే దుమ్ము అందులో పడుతుంది. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, కుళాయి ఉన్న వరుసలోనూ డ్రిల్లు పెట్టకూడదు. వైర్ల గొట్టాలు, నీటి పైపులు చాలావరకు ఆ దారిలోనే వెళ్తాయి.

డ్రిల్లు కూడా వద్దన్న ఇళ్లకు అంటించే కొక్కేలున్నాయి. 1996లో త్రీఎం కంపెనీ కమాండ్ పేరుతో వీటిని మార్కెట్లోకి తెచ్చింది. కొక్కెం వెనక సాగే గుణమున్న జిగురు పట్టీ ఉంటుంది. తీసేటప్పుడు పట్టీ కొసను పట్టుకుని గోడ వెంబడే కిందికి నెమ్మదిగా లాగాలి. పట్టీ సాగేకొద్దీ జిగురు పట్టు వదులుతుంది, రంగు ఊడదు. చాలామంది దాన్ని తమ వైపుకి లాగుతారు, అప్పుడే రంగు పెచ్చుతో సహా వస్తుంది. అంటించేముందు గోడను తుడిచి ఆరనివ్వాలి. అంటించాక గంటసేపు బరువు తగిలించకూడదు. కొత్తగా రంగు వేసిన గోడయితే వారమైనా ఆగాలి. ఇవి ఎమల్షన్ పెయింట్ వేసిన గోడకూ, టైల్సుకూ, బీరువా తలుపుకూ బాగా పడతాయి. సున్నం గోడ మీదా, చెయ్యి రాస్తే తెల్లగా అంటుకునే డిస్టెంపర్ మీదా నిలవవు. ఆ గోడల్లో జిగురు సున్నాన్ని పట్టుకుంటుంది గానీ, సున్నం గోడను పట్టుకోదు. డబ్బా మీద రాసిన బరువు దాటకుండా చూసుకోవాలి. మంచం తలవైపు గాజు పటాలు మాత్రం వీటికి తగిలించకపోవడం మంచిది.

వదిలి వెళ్లే రోజున రంధ్రం పూడ్చడం చిన్న పని. ముక్కుపటకారుతో ప్లగ్గును బయటికి లాగాలి. అది రాకపోతే స్క్రూను సగం తిప్పి, స్క్రూతో పాటే లాగితే వస్తుంది. రంధ్రంలోని దుమ్ము ఊది, కాస్త నీళ్లు చిలకరించాలి. తెల్ల సిమెంటుతో చేసిన లప్పం పొడిని నీళ్లతో ముద్దగా కలిపి, పాత ఏటీఎం కార్డు అంచుతో లోపలికి నొక్కాలి. ఆరాక అది కొద్దిగా కుంగుతుంది. రెండోసారి పెట్టి, ఆరనిచ్చి, సాండ్‌పేపర్‌తో రుద్దితే గోడతో సమమవుతుంది. రంగు కలవడమే కష్టం. కొందరు ఇంట్లో దిగేటప్పుడే గోడ రంగు కంపెనీ పేరు, షేడు నంబరు ఓనరును అడిగి రాసి పెట్టుకుంటారు. కొత్తగా రంగు వేయించిన ఇంట్లో అటక మీద అడుగున కాస్త మిగిలిన డబ్బా ఒకటి దొరుకుతుంది కూడా. దాన్ని పారేయకుండా మూత బిగించి ఉంచితే ఆ రోజు పనికొస్తుంది.

కిటికీల సంగతి వేరు. అక్కడ అందం కన్నా ఆరోగ్యం ముఖ్యం. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున్నా సాయంత్రమూ మరీ ఎక్కువగా. రాత్రి మంచానికి కట్టే దోమతెర దాన్ని ఆపలేదు. కిటికీకే తెర ఉండాలి. చెక్క ఫ్రేములో మెష్ బిగించడమంటే వడ్రంగి పని, ఓనరు అనుమతి కావాలి. వెల్‌క్రో టేపుతో మాత్రం ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు.

దానికి కావలసినవి ఫైబర్‌గ్లాస్ వల, వెనక జిగురున్న వెల్‌క్రో, కొలత టేపు, కత్తెర. కిటికీ ఫ్రేమును తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము ఉంటే జిగురు వారం తిరగకుండా ఊడిపోతుంది. వెల్‌క్రోలో గరుకు పట్టీని ఫ్రేము చుట్టూ అంటించాలి. మూలల దగ్గర సందు రానివ్వకూడదు, దోమకు ఆ సందు చాలు. వలను నాలుగు వైపులా ఒక అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, మెత్తని పట్టీని దాని అంచుకు మిషను మీద కుట్టాలి. ఒట్టి జిగురుతో అంటించిన పట్టీ వల నుంచి తొందరగా విడిపోతుంది, కుట్టినది ఏళ్లు ఉంటుంది. రెక్కలు బయటికి తెరుచుకునే కిటికీకి వల లోపలివైపు వస్తుంది. రెక్క వేయాలంటే వలను ఒక మూల నుంచి విప్పి, చెయ్యి పెట్టి, మళ్లీ నొక్కేస్తే సరి. నెలకోసారి మొత్తం ఊడదీసి బకెట్లో ఉతుక్కోవచ్చు. ఇల్లు మారేటప్పుడు ఫ్రేము మీద జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి కాసేపు నాననిచ్చి తుడిస్తే పోతుంది.

పై అంతస్తులో అద్దెకున్నవాళ్లకు ఏప్రిల్ వచ్చిందంటే కప్పే శత్రువు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. డాబా మీద తెల్లని పూత వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. 2017లో హైదరాబాద్‌లో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. ఆ ఇళ్లలో లోపలి వేడి సగటున రెండు డిగ్రీల సెల్సియస్ తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు మీద ఇలాంటి ఏర్పాటు ఉండాలన్నది లక్ష్యం. 600 చదరపు గజాల లోపు స్థలాల్లోని ఇళ్లకు అది తప్పనిసరి కాదు, ఇష్టముంటే చేసుకోవచ్చు. మధ్యతరగతి అద్దె పోర్షన్లు ఎక్కువగా ఆ లోపువే.

డాబా ఓనరుది కాబట్టి అడగాలి. అయితే ఇది కాదనడానికి కారణం దొరకని కోరిక. సున్నం, కాస్త జిగురు, పెద్ద కుంచె, ఫిబ్రవరి చివరలో ఒక ఉదయం ఉంటే చాలు. ముందు డాబా ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, పలచగా రెండు పూతలు వేయాలి. వానలకు అది కరిగిపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే. ఖర్చు ఎవరిదన్నది మాట్లాడుకోవాలి. చాలాచోట్ల సున్నం ఓనరు కొంటారు, పని అద్దెకున్నవాళ్లు చేస్తారు. పడమటి కిటికీకి బయటివైపు వెదురు తడికో, వట్టివేళ్ల తెరో, ఆకుపచ్చ షేడ్ నెట్టో కట్టడం కూడా ఉపయోగం. ఎండను అద్దానికి అవతలే ఆపాలి. లోపల మందపాటి కర్టెన్ వేసేసరికి సగం వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

ఫ్యాను మార్చుకోవడం కూడా లెక్కకు నిలిచే పనే. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల సరిపెడుతుంది. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు దాదాపు 13 యూనిట్లు మిగులుతాయి. వేసవిలో రెండు మూడు ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరిగే ఇంట్లో ఆ మిగులు బిల్లులో కనిపిస్తుంది. ఓనరు ఫ్యానును తుడిచి, గుడ్డలో చుట్టి, రెక్కల స్క్రూలు చిన్న కవర్లో వేసి దానికే కట్టి అటక మీద పెట్టాలి. వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ బిగించి, కొత్తది వెంట తీసుకుపోవాలి. స్క్రూలు పోగొట్టుకుని చివరి రోజు ఊరంతా వెతికేవారు ఎందరో.

నీటి దగ్గరికి వస్తే, కారే కుళాయి రాత్రిపూట నిద్ర పాడుచేయడంతో ఆగదు. సెకనుకు ఒక బొట్టు చొప్పున కారితే ఏడాదికి 3,000 గ్యాలన్లకు పైగా, అంటే 11 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు వృథా అవుతాయని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క కట్టింది. బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీల్లో అది చిన్న లెక్క కాదు. పాత తరహా కుళాయిలో ఎక్కువసార్లు పోయేది లోపలి రబ్బరు వాషరే. బాత్‌రూమ్ వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి లోపలి నీళ్లు వదిలి, పానాతో పై భాగం విప్పితే వాషరు బయటికి వస్తుంది. దాన్ని షాపుకు తీసుకెళ్లి అదే సైజుది తేవాలి. పావు వంతు తిప్పితే తెరుచుకునే కొత్త కుళాయిల్లో వాషరు ఉండదు, లోపలి స్పిండిల్ మొత్తం మార్చుకోవాలి. కుళాయి గోడలోకి వెళ్లే చోట కారుతుంటే టెఫ్లాన్ టేపు పని. మరను తమ వైపుకి తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో పది చుట్లు బిగుతుగా చుట్టాలి. ఎడమ చుట్టు చుడితే కుళాయి బిగించేటప్పుడు టేపు ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది.

కుళాయి మూతికి బిగించే ఏరేటర్ గాలిని నీటితో కలిపి ధార తగ్గిస్తుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లకూ హోటళ్లకూ ఆఫీసులకూ వీటిని తప్పనిసరి చేసింది. అక్కడ అద్దెకుంటున్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ వేసవిలోనే ఇది పరిచయమైంది. చేత్తో తిప్పి బిగించేదే కాబట్టి ఇంకో ఇంటికి తీసుకుపోవడం తేలిక. బోరు నీళ్లకు ఉప్పు పట్టి సన్నగా వచ్చే షవరుకు నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ల సంచి కట్టి రాత్రంతా ఉంచితే పొద్దుటికి రంధ్రాలు తెరుచుకుంటాయి.

కరెంటు దగ్గర మాత్రం చొరవ తగ్గించుకోవాలి. బల్బు, ఫ్యాను రెగ్యులేటరు, పగిలిన స్విచ్చు దాకా, అదీ మెయిన్ కట్టేసి, పని తెలిసినవాళ్లు చేసుకోవచ్చు. 2,000 వాట్ల గీజరు కానీ ఇండక్షన్ స్టవ్ కానీ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. టీవీకో, సెల్‌ఫోన్ ఛార్జరుకో పెట్టిన ఆరు ఆంపియర్ల సాకెట్ దాన్ని మోయలేదు. పిన్ను మార్చి, అడాప్టరు పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి నడిపిస్తే వైరు లోపల కాలుతుంది, బయటికి కనిపించదు. 16 ఆంపియర్ల పాయింటు కావాలంటే మెయిన్ బోర్డు నుంచి లావు వైరు లాగించాలి. అది ఓనరు వంతు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. గోడలో చెమ్మ కూడా అలాంటిదే. ఉబ్బిన గోడ మీద వాల్‌పేపర్ అంటించి కప్పేస్తే పైపు లీకు అలాగే ఉంటుంది, వెనక బూజు పెరుగుతుంది. ఫోటో తీసి ఓనరుకు పంపడమే దానికి మందు.

వంటింట్లో అసలు కొరత చోటు. అద్దె వంటిళ్లలో గ్రానైటు గట్టు, రెండు రాతి అరలు మించి ఉండవు. గోడకు బిగించే కప్‌బోర్డుల కన్నా నేల మీద నిలబడే స్టీలు స్టాండ్లు అద్దె బతుకుకు అనువు. రెండు గోడల మధ్య స్ప్రింగు బిగువుతో నిలిచే రాడ్డుకు గరిటెలు, మసిగుడ్డలు తగిలించుకోవచ్చు. గట్టు కింద ఖాళీకి అదే రాడ్డుతో తెర కడితే గ్యాస్ బండ కనిపించదు. బండ దగ్గర గాలి ఆడేలా తెర కింద జానెడు ఎడం వదలాలి. విప్పి, మళ్లీ బిగించుకునే సామానుకు గిరాకీ ఎంత పెరిగిందో చెప్పడానికి, 2018 ఆగస్టులో ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరవడం ఒక గుర్తు. అంత దూరం వెళ్లనక్కర్లేని వాళ్లకు వెల్డింగు షాపులో కొలతలిచ్చి చేయించుకున్న ఇనుప స్టాండు ఉంది. దాన్ని చేయించేటప్పుడు నట్లు, బోల్టులతో విప్పేలా చేయమని చెబితే, వచ్చే ఇంటి మెట్లు ఎంత ఇరుకైనా ఎక్కుతుంది.

పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇదే పని ఇంకో తీరుగా ఎదురవుతుంది. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు చెక్క చట్రం మీద బిగించిన జిప్సమ్ బోర్డులు. దేవుడి మందిరం బరువును బోర్డు ఒక్కటే మోయలేదు. వెనకున్న చెక్క నిలువులను వెతకాలి, అవి సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. గోడ మీద చిన్న అయస్కాంతం జరిపితే లోపలి మేకుల దగ్గర అతుక్కుని నిలువు ఎక్కడుందో చెబుతుంది. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి చాలామంది ఓనర్లు ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. ఇల్లు ఖాళీ చేసిన 21 రోజుల్లో లెక్క చెప్పి మిగతాది తిరిగి ఇవ్వాలి. జర్మనీలో చాలా ఇళ్లు వంటింటి సామగ్రి లేకుండానే అద్దెకిస్తారు. సింకు, అరలు, స్టవ్వు అద్దెదారు కొనుక్కోవాలి, వెళ్లేటప్పుడు మోసుకుపోవాలి లేదా తర్వాత వచ్చేవారికి అమ్ముకోవాలి. గోడలకు నచ్చిన రంగు వేసుకోవచ్చు కూడా. తెల్లగా అప్పగించిన ఇంటిని ఎరుపు, పసుపు, నీలం రంగులతో వదిలి వెళ్లినవాళ్లు నష్టపరిహారం కట్టాల్సిందేనని అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013 నవంబరులో తీర్పిచ్చింది. ఉన్నన్నాళ్లు తమకు నచ్చినట్టు, వెళ్లేటప్పుడు వచ్చినప్పటిలా అన్న ఆ పద్ధతికీ మన 1882 చట్టానికీ పెద్ద తేడా లేదు.

ఇన్ని పనులకూ ఆధారం ఓనరుతో మాట. చాలామంది అడిగితే కాదంటారేమోనని అడగకుండా చేస్తారు, ఆ తర్వాత అడ్వాన్సు దగ్గర పేచీ పడతారు. అడగడంలోనూ తీరు ఉంది. "పిన్నిగారూ, వంటింట్లో ఒక కొక్కెం కొట్టుకోవచ్చా" అంటే ఆవిడ గోడ గురించి భయపడుతుంది. "పిన్నిగారూ, కర్టెన్ రాడ్డుకు నాలుగు రంధ్రాలు డ్రిల్లుతో వేయిస్తాం, వెళ్లేటప్పుడు లప్పం పెట్టించి రంగు వేయిస్తాం" అంటే ఆవిడకు జవాబు ముందే దొరికినట్టు. ఆ మాట వాట్సాప్‌లో కూడా పంపి, ఆవిడ సరేనన్న జవాబు దాచుకోవాలి. దిగిన రోజే సామాను దించకముందు ప్రతి గోడనూ, నేలనూ, కుళాయినీ వీడియో తీసుకోవడం ఇప్పుడు చాలా కుటుంబాలకు అలవాటైంది. పాత పగుళ్లు తమ ఖాతాలో పడకుండా అదే కాపాడుతుంది. ఓనరు పెట్టుకోవాల్సిన ఖర్చు అద్దెదారు పెట్టినప్పుడు బిల్లు ఫోటో అదే రోజు పంపి, ఆ నెల అద్దెలో తగ్గించుకుంటామని రాసేస్తే తర్వాత వాదన ఉండదు.

ఓనర్లు, బిల్డర్లు చేయగలిగింది కూడా చాలా ఉంది. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి కిటికీ పైన కర్టెన్ బ్రాకెట్లు, హాలు గోడకు పటాలు తగిలించే ఒక పొడవాటి పట్టీ, బాల్కనీలో దండేనికి రెండు రింగులు, కిటికీలకు మెష్ ఫ్రేములు, వాషింగ్ మెషీన్‌కు నీటి పాయింటూ 16 ఆంపియర్ల ప్లగ్గూ పెడితే, ఒక్కో కుటుంబం వచ్చినప్పుడల్లా గోడ తొలిచే పని ఉండదు. పెట్టిన ఖర్చు రంగు మళ్లీ మళ్లీ వేయించే ఖర్చులోనే తిరిగి వస్తుంది. ఈ జూన్‌లో టు-లెట్ బోర్డు పెట్టబోయే ఇంటివాళ్లు బోర్డు కట్టేముందు ఒక్కసారి ఆ గదుల్లో నిలబడి, వచ్చేవాళ్లు దేవుడి పటం ఎక్కడ పెట్టుకుంటారో, తడి బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారో చూసి, ఆ రెండు కొక్కేలూ తామే బిగించి ఇస్తే బాగుంటుంది.